మా ఆవిడకి వినిపించే గుండె

ఎవరి గుండె చప్పుడు వాళ్ళకే వినపడటం మొగుడనేవాడికి భగవంతుడు చేసిన గొప్ప ఉపకారం. నాకా సౌకర్యం రద్దయింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళవాతపు జ్వరం గుండెలోని మైట్రల్ కవాటం మీద చెయ్యి చేసుకుని వెళ్ళిందట. అది చాలాకాలం ఎలాగో నెట్టుకొచ్చి చివరికి మొరాయించింది. సర్జన్‌గారు దాన్ని తీసేసి, పైరోలిటిక్ కార్బన్‌తో చేసిన రెండు నల్లటి రెక్కల వాల్వు కుట్టారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ రెక్కలు మూసుకుంటాయి, మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటాయి. ఫ్యాను ఆగితే గదిలో ఎవరికైనా వినపడుతుంది. మా ఆవిడకి ఫ్యాను తిరుగుతున్నా వినపడుతుంది.

దాంతో మా ఇంట్లో అబద్ధానికి గిట్టుబాటు లేకుండా పోయింది. "సున్నుండల డబ్బా మూత తీసింది మీరేనా?" అని అడిగితే "నేనెందుకు తీస్తాను" అంటాను. నోరు అంత నిబ్బరంగా చెబుతుంటే లోపల టిక్కులు పరుగందుకుంటాయి. ఆవిడ నా మొహం చూడదు, బనీను కేసి చూస్తుంది. కరెంటు పోతే టార్చి కూడా వెతుక్కోదు. "ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండండి" అని చెవి రిక్కించి, చీకట్లో నేనెక్కడున్నానో చెప్పేస్తుంది.

ఇలాంటి వాల్వు ఉన్నవాళ్ళు జీవితాంతం రక్తం పలచబడే బిళ్ళ వేసుకోవాలి. పరాయి వస్తువు తగిలితే నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డ రెక్కల మధ్య ఇరుక్కుంటే వాల్వు ఆగుతుంది, ఊడి మెదడుకి చేరితే పక్షవాతం. పేరుకి పలచబడే బిళ్ళే గానీ, అది నెత్తురులో నీళ్ళేమీ కలపదు. గడ్డకట్టడానికి కావలసిన సరుకులు కొన్నిటిని కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. బిళ్ళ ఆ విటమిన్‌కి అడ్డుపడుతుంది. గడ్డ కట్టక మానదు, ఆలస్యంగా కడుతుంది. ఎంత ఆలస్యమో చెప్పే పరీక్ష పీటీ ఐఎన్ఆర్. మామూలు మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది. నాకు రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలన్నారు. తగ్గితే గడ్డ భయం, పెరిగితే నెత్తురు కారే భయం.

ఈ వివరాలన్నీ డాక్టరుగారు చెబుతుంటే మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెప్పాలంటే, బుర్రలో దీపం వెలిగింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే ఆ దీపం వెలుతురులో పరిపాలన మొదలుపెట్టాను. కూరగాయలు తరగమంటే "చెయ్యి తెగితే?" అన్నాను. కొబ్బరికాయ కొట్టమంటే "చిప్ప గుచ్చుకుంటే?" అన్నాను. అటక మీద ఇత్తడి సామాను దించమంటే మాట కూడా అక్కర్లేకపోయింది, ఛాతీ మీద చెయ్యేసుకుని నిలబడితే చాలు. గ్యాసు సిలిండరు, దోమతెర మేకులు, సంక్రాంతికి ముందు బూజులు దులపడం, అన్నిటికీ ఆ చిన్న బిళ్ళే సమాధానం. ఇక వ్యాయామం మాటెత్తితే "నెత్తురు పలచబడ్డవాడు పరిగెత్తితే ఏమవుతుందో తెలుసా?" అని భయంకరంగా కళ్ళు మూసుకునేవాణ్ణి. ఏమవుతుందో నాకూ తెలీదు. ఆవిడ మాత్రం నమ్మింది. మడతమంచం, టీవీ, రిమోటు, నేను. బొజ్జ పెరగడం వల్ల చొక్కా గుండీలకి తప్ప ఎవరికీ ఇబ్బంది లేకపోయింది.

ఆ రాజ్యం ఒక్క పూటలో కూలిపోయింది. తనిఖీకి వెళ్ళినప్పుడు డాక్టరుగారు బరువు చూసి "వాకింగ్ చేస్తున్నారా?" అన్నారు. "బిళ్ళ వేసుకుంటున్నాను కదండీ" అన్నాను, దానికీ దీనికీ చట్టరీత్యా సంబంధం ఉన్నట్టు. ఆయన నవ్వి, బిళ్ళ వేసుకునేవాళ్ళు వ్యాయామం మానక్కర్లేదు, అసలు మానకూడదు అన్నారు. నడక, ఈత, కదలని సైకిలు, తేలికపాటి బరువులు అన్నీ మంచివే. కబడ్డీ, ఫుట్‌బాల్, కుస్తీ లాంటి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే ఆటలూ, ఎత్తు మీంచి పడే ప్రమాదం ఉన్నవీ వద్దు. వ్యాయామం ఉన్నట్టుండి బాగా పెంచినా, పూర్తిగా మానేసినా తనకు చెప్పాలి, ఐఎన్ఆర్ అటూఇటూ అవ్వొచ్చు. చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి నెత్తురు ఆగకుండా వచ్చినా, మూత్రం ఎర్రగా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే రావాలి. తలకి దెబ్బ తగిలితే మాత్రం, పైకి ఏమీ లేకపోయినా, నొప్పి లేకపోయినా తిన్నగా ఆస్పత్రికే.

నేను లేవబోతుంటే మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి చీటీ తీసింది. పాలచీటీ వెనకాల రాసుకొచ్చింది. "డాక్టరుగారూ, కూరగాయలు తరగొచ్చాండీ?" తరగొచ్చు, జాగ్రత్తగా. "కొబ్బరికాయ?" నిక్షేపంగా. "బట్టలు ఆరెయ్యడం?" అది వ్యాయామమే కదమ్మా. ఆవిడ ఒక్కోటీ పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ పోయింది. టిక్కు పెట్టినప్పుడల్లా ఇక్కడ నాది ఇంకో టిక్కు. అటక దగ్గర డాక్టరుగారు కాస్త ఆలోచించి "స్టూలు ఎక్కడం వద్దు, పడిపోతే ప్రమాదం" అన్నారు. మిగిలిన సంస్థానం అదొక్కటే.

ఇంత పరాభవం జరిగాక మగవాడన్నవాడు ఊరుకోడు. ఇంటి పని చెయ్యగలిగిన ఆరోగ్యం ఉందని తేలాక, అంతకంటే గౌరవమైన పని ఏదో ఒకటి ముందు మొదలుపెడితే ఇంటి పనికి తీరిక ఉండదు కదా అని నా లెక్క. మా అబ్బాయి ఎప్పుడో కొనిచ్చి పోయిన రబ్బరు బ్యాండు ఉంది, రెండు చివర్లా పిడులుండి లాగే రకం. దాన్ని కిటికీ ఊచకి తగిలించి, హాల్లో అద్దం ముందు నిలబడి లాగాను. కండ చూసుకునే ధ్యాసలో ముడి సరిగ్గా వెయ్యలేదు. అది ఊడి వచ్చి పిడితో సహా మోచేతి కింద ఛెళ్ళుమంది.

చిన్న దెబ్బే. ఇంకొకడైతే రుద్దుకుని మర్చిపోయేవాడు. సాయంత్రానికి రూపాయి బిళ్ళంత కమిలింది, తెల్లారేసరికి అరచేతంత అయింది. చర్మం కింద సన్నటి నాళం చిట్లితే గడ్డకట్టి ఆగడానికి నాకు ఆలస్యం, ఆలోపు కారవలసింది కారిపోతుంది. కారింది ఉన్నచోట ఉండదు కూడా, చెయ్యి వేలాడేసినంతసేపూ మెల్లగా కిందకి జారుతుంది. మోచేతి దగ్గర తిన్న దెబ్బ రెండ్రోజుల్లో మణికట్టు దగ్గర తేలింది. మొదట నేరేడుపండు రంగు, తర్వాత నీలం, అంచుల్లో ఆకుపచ్చ, ఆ పైన పసుపు. హిమోగ్లోబిన్ విరిగి బిలివర్డిన్ అయితే ఆకుపచ్చ అనీ, అది బిలిరుబిన్‌గా మారితే పసుపు అనీ మా ఆవిడకి బోధించబోయాను. "ముందు పొడుగు చేతుల చొక్కా తొడుక్కోండి" అంది.

తొడుక్కోలేదు. గుంటూరు ఎండల్లో పొడుగు చేతులేమిటి? లిఫ్టులో పై అంతస్తు ఆవిడ చూడనే చూసింది. "అయ్యో అన్నయ్యగారూ, ఏమిటా చెయ్యి?" "అబ్బే, ఏం లేదమ్మా, ఇంట్లోనే..." అన్నాను. మిగతా వాక్యం రబ్బరు బ్యాండు గురించి. అంతలో ఆవిడ అంతస్తు వచ్చింది, దిగిపోయింది.

శుక్రవారం లలితా సహస్రనామ పారాయణ దగ్గర అందరూ మా ఆవిడని అదోలా చూశారట. ఒకావిడ పక్కన కూర్చుని, మొగుళ్ళతో ఓర్పుగా ఉండాలని, కోపం వచ్చినప్పుడు మంచినీళ్ళు తాగాలని చెప్పిందట. ఇంకొకావిడ మా ఇంటికి, అంటే నాకు, హాట్‌బాక్సులో వేడివేడి బొబ్బట్లు పంపింది. "పాపం, తినండి అన్నయ్యగారూ" అని మనవడి చేత చెప్పించింది కూడా. ఆ క్షణాన ఖండించి ఉండాల్సింది. ఖండిస్తే బొబ్బట్లు వెనక్కి ఇచ్చెయ్యాలేమో అనిపించి ఊరుకున్నాను. నెయ్యి కూడా వేసి పంపింది మహాతల్లి.

హాట్‌బాక్సు సింకులో దొరికింది. "ఇంతకాలం కాపురం చేసి ఇవాళ కాలనీలో పలచనైపోయాను. మొగుణ్ణి కొట్టేదాన్నని అనుకుంటున్నారు. కొట్టని దానికి ఈ పేరు మొయ్యడం దేనికి, పోనీ కొట్టేస్తే సరిపోతుంది" అంది మా ఆవిడ. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని అంతస్తు అంతస్తుకీ వెళ్ళి రబ్బరు బ్యాండు చూపించి వాక్యం పూర్తి చేయించింది. సగంమంది నమ్మారు. మిగతా సగం, పక్కన ఆవిడుంటే ఇంకేం చెబుతాడులే అన్నట్టు చూశారు.

ఈ గొడవ సద్దుమణిగే లోపు మా బావమరిది ఫోను చేశాడు. "అక్కా, బావ వేసుకునే బిళ్ళ ఎలకల మందట తెలుసా?" వాడికి అసలు విషయం తెలియకపోవడం మామూలే గానీ, ఈసారి తెలిసింది. మా ఆవిడ స్పీకరు పెట్టి నా కేసి తిరిగింది. నేను సోఫాలోంచి లేచి నిలబడి, వైద్యశాస్త్రం తరఫున వకాల్తా పుచ్చుకున్నాను.

ఎలకల మందు మాట నిజమే గానీ, కథ పశువుల దగ్గర మొదలైంది. 1920లలో అమెరికా ఉత్తర ప్రాంతాల్లో, కెనడాలో ఆవులు ఉన్నట్టుండి నెత్తురు కారి చచ్చిపోయేవి. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా నెత్తురు ఆగేది కాదు. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తినడం వల్లని తేల్చారు గానీ అందులో ఏముందో తెలీలేదు. 1933లో విస్కాన్సిన్‌లో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచుతుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు బండి తోలుకుంటూ మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వచ్చాడు. చచ్చిన ఆవు, పాడైన గడ్డి, పాలక్యాను నిండా గడ్డకట్టని నెత్తురు తెచ్చి కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ముందు పెట్టాడు. లింక్ బృందం ఏళ్ళ తరబడి తంటాలు పడి గడ్డిలోంచి డైకుమరాల్ తీసింది. ఆ వరసలోనే పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగా బజారుకి వచ్చింది. 1954లో మనుషులకి అనుమతించారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వస్తే ఆయనకీ ఇచ్చారు. నేను వేసుకునే ఎసిట్రోమ్ ఆ వార్ఫరిన్‌కి పెదతండ్రి బిడ్డ. ఇప్పటికీ కొట్లో దొరికే బ్రోమాడయోలోన్ ఎలకల బిళ్ళలు ఆ వంశానివే.

"అమెరికా అధ్యక్షుడే వేసుకున్నాడు" అని ముగించి కూర్చున్నాను. ఫోనులో బావమరిది నిశ్శబ్దం. మా ఆవిడ అంతా శ్రద్ధగా విని, "అయితే అటక మీద ఎలకలకీ మీకూ విడివిడిగా కొనక్కర్లేదన్నమాట" అంది.

నవ్వులాట పక్కన పెడితే, ఆ బిళ్ళకి ఆవిడ చేసినంత సేవ నేను చెయ్యలేదు. సోమవారం ఒకటిన్నర, మంగళవారం రెండు అంటూ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాస్తుంది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగకూడదని డబ్బా మూత మీద చీటీ అంటించింది. గోంగూర సంగతీ ఆవిడే తేల్చింది. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది కాబట్టి పూర్తిగా మానెయ్యమని స్టేడియం మిత్రులు చెబితే, గుంటూరులో పుట్టి గోంగూర మానడమా అని నేను ఏడుపు మొహం పెట్టాను. డాక్టరుగారు చెప్పింది వేరు: మానక్కర్లేదు, ఒకవారం కుప్పలుగా తిని ఇంకోవారం ముట్టకుండా ఉండటమే తప్పు, రోజూ ఇంచుమించు ఒకేలా తినండి అన్నారు. అప్పట్నుంచి ఆకుకూర నాకు గరిటెతో కొలిచి వడ్డించబడుతోంది. పెళ్ళిభోజనంలో నేను గోంగూర పచ్చడి రెండోసారి వేయించుకోబోతే పంక్తికి ఆ చివర్నుంచి ఆవిడ దగ్గు వినపడుతుంది.

స్టేడియం మిత్రులంటే గుర్తొచ్చింది. బ్యాండు అటకెక్కాక మా ఆవిడ నన్ను ఎన్టీఆర్ స్టేడియానికి తోలింది, పొద్దున్నే నడకకి. అక్కడ నడిచేవాళ్ళ కంటే వైద్యం చేసేవాళ్ళు ఎక్కువ. మోకాళ్ళు పట్టేశాయంటే ఒకాయన జేబులోంచి బ్రూఫెన్ తీసి చేతిలో పెట్టాడు. ఇలాంటి బిళ్ళ వేసుకునేవాళ్ళు డాక్టరు చెప్పకుండా బ్రూఫెన్, వోవెరాన్ లాంటివి మింగితే కడుపులో నెత్తురు కారే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఆ సంగతి తెలిసీ మర్యాదకి జేబులో వేసుకున్నాను. చొక్కా ఉతుకుడుకి వేసేముందు అది దొరికి, ఇంట్లో సాయంత్రం దాకా విచారణ జరిగింది. ఇంకొకాయన శీర్షాసనం వేస్తే గుండె వాల్వులు వాటంతటవే శుభ్రపడతాయన్నాడు. ఆయన వేస్తూ పక్కకి ఒరిగి పడటం కళ్ళారా చూశాను కాబట్టి ఆ బోధ ఎక్కలేదు. రిటైరైన ఇంజనీరొకాయన "ఇంకా ఆ పాత బిళ్ళేమిటండీ, కొత్తవి వచ్చాయి, ఐఎన్ఆర్ పరీక్షలే అక్కర్లేదు" అన్నాడు. గుండె లయ తప్పినవాళ్ళకి, కాలి సిరల్లో గడ్డలు వచ్చినవాళ్ళకి అవి బాగానే పనికొస్తాయి. నాలాంటివాళ్ళ యంత్రపు వాల్వులకి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని ఇలాంటి వాల్వులున్నవాళ్ళకి ఇచ్చి చూసి, గడ్డలూ నెత్తురు కారడమూ రెండూ ఎక్కువ కావడంతో ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు. ఇంజనీరుగారికి ఇది చెబితే, "మీ డాక్టరు పాతకాలపువాడు" అని నడక వేగం పెంచారు.

ఆ వేగం చూసి నాలోనూ పౌరుషం లేచింది. ఆయన్ని దాటాలి. దాటాను. నేను దగ్గరికొస్తుంటే టిక్కులు వినపడి ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు, అదొక్కటే చిక్కు. గర్వంతో ఇంటికొచ్చి, సుష్టుగా తిని, మర్నాడు పొద్దున్న బాత్రూములో చూసుకుంటే ఎర్రగా ఉంది. మరీ పట్టుబట్టి పరిగెడితే మామూలువాళ్ళకే ఒక్కోసారి మూత్రంలో నెత్తురు పడుతుందని చదివి ఉన్నాను, ఇక నా సంగతి చెప్పాలా. గోడ పట్టుకుని బయటికొచ్చి, వీలునామా, ఎల్.ఐ.సి. కాగితాలు, బీరువా తాళాలు గురించి గద్గదంగా చెప్పడం మొదలుపెట్టాను. టిక్కులు గోడ గడియారాన్ని మించిపోయాయి. మా ఆవిడ విని, "రాత్రి బీట్‌రూట్ వేపుడు గిన్నె మొత్తం తిన్నదెవరు?" అంది.

అయినా వదల్లేదు, ఆటో ఎక్కించింది. "బీట్‌రూటే అయ్యుంటుంది, కానీ మీ విషయంలో అయ్యుంటుంది అని ఊరుకోను" అంది. పరీక్షలో నెత్తురు లేదు, ఐఎన్ఆర్ కూడా సరిగ్గానే ఉంది. బీట్‌రూట్ తింటే కొందరికి అలా అవుతుందని ల్యాబులో అమ్మాయి చెబుతూ నవ్వు ఆపుకోలేక మాస్కు పైకి లాక్కుంది. దారిలో ఆవిడ బీరువా తాళాల గురించి నేను చెప్పిన మాటల్లో ఒక వివరం మళ్ళీ అడిగింది. ఏదో దాచిన డబ్బు గురించి. చావుభయంలో నిజం చెప్పేశానని అప్పుడు తెలిసింది.

ఇన్ని విన్యాసాలు చేసినా వ్యాయామం నా ఒంటికి చేసిన కీడు ఒక్క చేతిమచ్చే. అసలు ప్రమాదం ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను కదలకుండా మెదలకుండా పడుకుని ఉన్నప్పుడు జరిగింది. రిమోటు జారి టీపాయ్ కిందకి పోయింది. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే దొర్లి, తల దూర్చి, రిమోటు అందుకుని, విజయగర్వంతో లేచాను. టీపాయ్ అక్కడే ఉంది.

బొప్పి కూడా పెద్దగా కట్టలేదు. "ఏం లేదు, ఏం లేదు" అంటూనే ఉన్నాను. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంది. పుర్రె లోపల నెమ్మదిగా నెత్తురు కారితే మొదటి గంటల్లో బయటికి తెలియకపోవచ్చని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను గోడమీద క్యాలెండరు చూస్తున్నాను, ఆవిడ వింటోంది. కాజువాలిటీలో కుర్ర డాక్టరు బిళ్ళ పేరు వినగానే సీటీ స్కాను రాసి, కేసుషీటు తీశాడు. "దెబ్బ ఎలా తగిలింది సార్?"

"వ్యాయామం చేస్తుండగా" అన్నాను.

ఛాతీలో టకటకా మొదలైంది. కుర్రాడు స్టెతస్కోపు పెట్టకుండానే తలెత్తాడు. "టీవీ రిమోటు తీస్తూ, బాబూ" అంది మా ఆవిడ. అలాగే రాశాడు. స్కానులో ఏమీ లేదు. అయినా ఆ రాత్రంతా కనిపెట్టి చూడాలన్నారు. ఆస్పత్రి రికార్డుల్లో నా పేరు పక్కన రిమోటు శాశ్వతంగా నిలిచిపోయింది.

పోయిన తనిఖీలో డాక్టరుగారు రిపోర్టులు తిరగేసి, "నడక మొదలుపెట్టాక ఇబ్బందులేమైనా వచ్చాయా?" అని అడిగారు. నేను నోరు తెరిచే లోపు మా ఆవిడ అందుకుంది.

"నడకకి వెళ్ళినంతసేపూ ఏ ఇబ్బందీ లేదండీ. ఇంట్లో ఉన్నప్పుడే."

ఆయన ఆవిడ మొహం కేసి కాసేపు చూసి, చీటీ మీద అరగంట కొట్టేసి గంట అని రాశారు.